అడవి నేల, చెరువు నీరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వరంగల్ జిల్లాలోని పాకాల పరిసరాల అడవుల గురించి ఈ శీర్షికలో లోగడ ప్రస్తావించినప్పటి నుంచి నీళ్లను గురించిన ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అడవుల సంరక్షణకు అమలవుతున్న పథకాల వల్ల వాగుల్లో, చెరువుల్లో నీటి నాణ్యత నిజంగా మారుతుందా అన్నది వాటిలో చాలావాటి సారాంశం. కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలను కొంత కుదించాము.

ప్రశ్న: మా ఊరి చెరువుకు రెండు వైపుల నుంచి నీరు వస్తుంది. అడవి వైపు ఒర్రె నీరు రెండు రోజుల్లో తేటపడుతుంది. పత్తి చేన్ల మీదుగా వచ్చే నీరు వారం దాటినా ఎర్రగానే ఉంటుంది. ఇది అడవి మహిమా, లేక నేల తేడానా? (నర్సంపేట ప్రాంతం నుంచి ఒక రైతు)

జవాబు: నేల తేడా కొంత ఉంటుంది కాని, ఎక్కువ భాగం అడవి నేల మీద పరుచుకున్న ఆకుల పొర చేసే పనే. ముందుగా తేటపడటం సంగతి చూద్దాం. కదలకుండా ఉన్న నీటిలో ఒక మీటరు లోతుకు దిగడానికి, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న సన్నటి ఇసుక రేణువుకు దాదాపు 2 నిమిషాలు సరిపోతాయి. వందో వంతు ఉన్న ఒండ్రు రేణువుకు 3 గంటలు పడుతుంది. వెయ్యో వంతు ఉన్న బంకమట్టి రేణువుకైతే 11 రోజులు దాటుతుంది. బంకమట్టి రేణువులన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ కాలం తేలుతూనే ఉంటాయి. మీ చేన్ల వైపు నీరు వారమైనా ఎర్రగా ఉన్నదంటే అందులో ఇసుక కన్నా బంకమట్టి పాలు ఎక్కువని అర్థం.

ఇక ఆ బంకమట్టి అడవి వైపు నుంచి ఎందుకు అంతగా రాదన్నది అసలు విషయం. చినుకు దెబ్బకు మట్టిగడ్డ చితికిపోయినప్పుడే సన్న రేణువులు విడివడి నీటిలో కలుస్తాయి. మృగశిర కార్తెలో దున్ని, విత్తనం పెట్టి, ఇంకా మొలకలు నేలను కమ్మకముందు పడే రెండు మూడు పెద్ద వానలే ఏడాది మొత్తంలో కొట్టుకుపోయే మట్టిలో పెద్ద భాగాన్ని తీసుకుపోతాయి. అడవిలో అదే వాన నల్లమద్ది, బండారు, తునికి ఆకులు రాలి కుళ్లిన మెత్తటి పొర మీద పడుతుంది. ఆ పొర కింద మట్టి రేణువులు ఆకుమట్టి జిగురుతో, సన్నని శిలీంధ్రపు దారాలతో గుళికలుగా అంటుకొని ఉంటాయి. పాత వేర్లు కుళ్లి ఏర్పడిన బొరియలు, చెదలు తవ్విన దారులు నీటిని లోపలికి లాగేస్తాయి. పైన పారే నీరు తగ్గిపోయి, నేలలోకి ఇంకి మెల్లగా ఊటగా ఒర్రెలోకి దిగే నీరు పెరుగుతుంది. మట్టి పొరల గుండా వడపోసుకుని వచ్చిన నీరు అది.

మట్టి ఒక్కటే అయితే అంతగా దిగులుపడనక్కరలేదు. చేన్లో వేసిన డీఏపీలోని భాస్వరం ఎక్కువగా బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది. అది చెరువు అడుగున చేరి, వేసవిలో నీరు తగ్గి వేడెక్కినప్పుడు మళ్లీ నీటిలోకి వదులుతుంది. ఎండాకాలంలో చెరువు పాచిపట్టి పచ్చగా మారి వాసన రావడం వెనుక ఉండేది ఎక్కువగా ఇదే. యూరియా దారి వేరు. అది నైట్రేటుగా మారి నీటిలో కరిగి, తేటగా కనిపించే నీటితోపాటే బావుల్లోకి దిగిపోతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. కాబట్టి తేటగా ఉన్న నీరు మంచి నీరే అనుకోవడం పొరపాటు. మన పెద్దలు తడి రాతి మీద చిల్లగింజ అరగదీసి కుండ నీటిలో కలిపి తేటపరిచేవారు. అది పటికలాగే మట్టిని దింపుతుంది. సూక్ష్మజీవులు కొన్ని ఆ మట్టితోపాటు అడుగుకు చేరినా మిగతావి నీటిలోనే ఉంటాయి, కరిగిన నైట్రేటును అది తాకనే తాకదు.

మీరే పరీక్షించి చూడాలనుకుంటే ఒకే వానకు, ఒకే సమయంలో, రెండు ఒర్రెల నడి పాయ నుంచి రెండు గాజు సీసాల నిండా నీరు పట్టి నీడలో కదపకుండా పెట్టండి. అడుగున చేరిన మట్టి మందాన్ని, పైన నీరు తేటపడటానికి పట్టిన రోజులను రాసుకోండి. మూడు వానాకాలాల లెక్క ఉంటే మీ దగ్గర ఉన్నది విలువైన సమాచారమే.

ప్రశ్న: 2015 నుంచి హరితహారం పేరుతో కోట్ల మొక్కలు నాటారు. వాటి వల్ల మన చెరువుల నీరు బాగుపడుతుందని విద్యార్థులకు చెప్పవచ్చా? (హనుమకొండ నుంచి ఒక అధ్యాపకురాలు)

జవాబు: మొక్కల లెక్క చెప్పి నీటి నాణ్యత గురించి ఏ మాటా చెప్పలేము. ఆ పథకం లక్ష్యంగా పెట్టుకున్న 230 కోట్ల మొక్కల్లో 100 కోట్లు అడవుల లోపలివి. అందులోనూ గుంత తవ్వి నాటాలనుకున్నవి 20 కోట్లే. మిగిలిన 80 కోట్లు నరికిన మోళ్ల నుంచి, రాలిన గింజల నుంచి మళ్లీ చిగురించే మొక్కలను కాపాడి లెక్కలోకి తేవాలనుకున్నవి. ప్రచారంలో కనిపించేది నాటడమే అయినా, నీటి దృష్టితో చూస్తే ఈ రెండో భాగమే ముఖ్యమైనది. ఎందుకంటే అక్కడ నేలను కదపవలసిన పని ఉండదు. పాత వేర్లు నేలలో ఉండగానే చెట్టు తిరిగి లేస్తుంది, పొదలు, గడ్డి అలాగే ఉంటాయి.

నాటిన తోటల విషయంలో రెండు హెచ్చరికలు చెప్పాలి. ఒకటి టేకు గురించి. టేకు ఆకు వెడల్పుగా ఉండటంతో సన్న చినుకులు దాని మీద కలిసి పెద్ద బొట్లుగా మారి రాలుతాయి. కింద పొదలు, ఆకుల పొర ఉంటే ఆ బొట్టుకు బలం ఉండదు. కాని పొదలు నరికి, ఎండాకాలంలో మంట పెట్టి శుభ్రంగా ఉంచిన టేకు తోటలో ఆ బొట్లు నేరుగా నేలను కొట్టి, బయలు నేలలో కన్నా ఎక్కువ మట్టిని లేపగలవు. శుభ్రంగా కనిపించే తోటను చూసి మెచ్చుకునే అలవాటు మనకు ఉన్నది, వాగుకు మాత్రం ఆ శుభ్రత పనికిరాదు. రెండోది జామాయిల్. కొద్ది ఏళ్లకోసారి కొట్టి, లారీలు తిరిగే దారులు వేసి, మళ్లీ దున్నే తోట మట్టిని నిలపలేదు. పైగా వేగంగా పెరిగే చెట్లు నేలలోని తేమను ఎక్కువగా పీల్చుకోవడంతో చిన్న ఒర్రెల్లో వేసవి నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే అందులోని మలినం పలచబడే అవకాశమూ తగ్గుతుంది. చెట్లు పెరిగితే నీరు పెరుగుతుందన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. చెట్ల వల్ల నీరు మెరుగుపడటం, నీరు పెరగడం వేరువేరు సంగతులని పిల్లలకు విడదీసి చెప్పడం మంచిది.

నాటిన ప్రతి ఎకరానికి నీటికి ఎక్కువ మేలు ఎక్కడ జరుగుతుందంటే వాగు ఒడ్డున. ఒడ్డు వెంట కొన్ని మీటర్ల వెడల్పున తెల్లమద్ది, కానుగ, నేరేడు, వాటి కింద గడ్డి ఉంటే చేనులోంచి వచ్చే బురద నీరు ఆగి మట్టిని అక్కడే దించుతుంది. ఎప్పుడూ తడిగా, ఆకుమట్టితో నిండి ఉండే ఆ నేలలో ఉండే సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. నీడ వల్ల నీరు వేడెక్కదు, పాచి పెరగదు.

ఇక్కడ ఒక మాట అదనంగా చెప్పవలసి ఉన్నది. మన ఊళ్లలో చెరువు కట్టల మీద ఈత, తాటి మొక్కలు విరివిగా పెట్టారు. కట్ట గట్టిపడటానికి, గీత కార్మికుల ఉపాధికి అవి మంచివే. కాని కట్ట చెరువుకు దిగువన ఉంటుంది, మురికి నీరు చెరువులోకి వచ్చేది ఎగువ నుంచి. శిఖం (చెరువు నీరు నిలిచే నేల) పై అంచున, ఒర్రె చెరువులో కలిసే చోట చెట్లు, గడ్డి పెంచితేనే వచ్చే నీరు వడపోతకు గురవుతుంది. సాధారణంగా ఆ భూములు ఆక్రమణలో ఉండటం, కట్ట మాత్రం అందరికీ కనిపించే చోట ఉండటం వల్ల మొక్కలన్నీ కట్ట మీదికే చేరుతున్నాయని మా అభిప్రాయం.

ప్రశ్న: తొలకరి వానలకు మా ఒర్రె నీరు టీ రంగులో వస్తుంది. మట్టి ఉండదు, కాని రంగు ఉంటుంది. చెలిమె తీసుకుని ఆ నీరు తాగవచ్చా? (తాడ్వాయి మండలం నుంచి)

జవాబు: ఆ రంగు ఎండాకాలమంతా రాలి పడిన ఆకులు, బెరడు నానగా దిగిన రసం. టీ ఆకు మరిగినప్పుడు దిగే పదార్థాల జాతికే చెందినవి కనుక రంగు కూడా అలాగే ఉంటుంది. ఆ రంగు దానంతటదిగా విషం కాదు. అయితే మడుగుల్లో నిలిచిన చోట కుళ్లే ఆకులు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకోవడంతో తొలకరిలో కొన్నిసార్లు చేపలు చచ్చి తేలుతాయి. ఇలాంటి నీటిలో క్లోరిన్ వేస్తే క్లోరిన్‌లో చాలా భాగం ఆ రసంతో చర్య జరపడానికే ఖర్చయిపోయి క్రిములను చంపే శక్తి మిగలదు, కొన్ని హానికరమైన పదార్థాలు కూడా పుడతాయి. అందుకే రంగు నీటికి క్లోరిన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

చెలిమె మంచి పద్ధతే. వాగు ఇసుకలో అడుగు లోతు తవ్వితే ఊరే నీరు ఇసుక వడపోసిన నీరు. కాని అడవి ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని అనుకోకండి. పశువులు, అడవి జంతువులు, మనుషులు తిరిగే చోట మలంతో నీటిలోకి చేరే కోలీఫారం క్రిములు ఉండి తీరుతాయి. మేడారం జాతర రోజుల్లో లక్షలాది మంది స్నానాలు చేసిన జంపన్నవాగు దిగువన ఎంత దట్టమైన అడవి ఉన్నా ఆ నీటిని వెంటనే తాగునీటిగా మార్చలేదు. కాచి తాగండి.

ప్రశ్న: అడవిని రక్షించాలంటూ పోడును ఆపివేస్తే వాగులు బాగుపడతాయని అధికారులు అంటున్నారు. మా తాతలు పోడు చేసినప్పుడు వాగులు చెడిపోలేదు కదా? (జయశంకర్ భూపాలపల్లి జిల్లా నుంచి)

జవాబు: మీ మాటలోనూ, వారి మాటలోనూ చెరొక కాలపు నిజం ఉన్నది. పాత పోడులో కొద్దిపాటి జాగాను కొట్టి, జొన్న, కొర్ర, కంది, చిక్కుడు వంటివి కలిపి చల్లి, మోళ్లను వేర్లతో సహా వదిలేసి, రెండు మూడు పంటల తరువాత ఆ నేలను అనేక ఏళ్లపాటు అడవికి అప్పగించేవారు. మట్టి కోసుకుపోకుండా వేర్లు, రకరకాల పంటలు కాపాడేవి. ఇప్పుడు పోడు అనే పేరుతో చాలాచోట్ల జరుగుతున్నది ఏటా అదే వాలులో ట్రాక్టరుతో దున్ని పత్తి వేయడం, కలుపుమందు, పురుగుమందు కొట్టడం. వాగుకు నష్టం ఈ మార్పు వల్ల జరుగుతున్నది తప్ప ఆ పేరు వల్ల కాదు.

అందువల్ల భూమిని లాక్కోవడం ఒక్కటే పరిష్కారమని మేము అనుకోము. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్ చివర నుంచి రాష్ట్రంలో పోడు పట్టాలు ఇచ్చారు. ఆ పొలాలు ఇకపై అక్కడే ఉంటాయి. వాటిలో వాలుకు అడ్డంగా దున్నడం, రాతికట్టలు వేయడం, ఒర్రె అంచున దున్నకుండా ఒక పట్టీ వదిలివేయడం, పత్తి సాళ్ల మధ్య కంది వేయడం వంటివి జరిగితే అడవిని ఆనుకుని ఉన్న పట్టా పొలం కూడా వాగుకు మేలు చేసేదిగా మారవచ్చు. అదే చట్టంలోని 5వ సెక్షన్ నీటి వనరులనూ, వాటి పరీవాహక ప్రాంతాలనూ కాపాడే అధికారాన్ని గ్రామసభకు, హక్కుదారులకు ఇచ్చింది. హక్కుల గురించి మాట్లాడినంతగా ఆ సెక్షన్ గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ సందర్భంలో మంటల ప్రస్తావన తప్పదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల కనపడాలని, తునికి చిగురు బాగా రావాలని ఎండాకాలంలో పెట్టే మంట ఆకుల పొరను పూర్తిగా కాల్చివేస్తుంది. తొలి వానకు బూడిదతోపాటు దానిలోని భాస్వరం, నత్రజని లవణాలు ఒర్రెలోకి దిగుతాయి. పొర పోయిన నేల ఆ వానాకాలమంతా చేనులాగే ప్రవర్తిస్తుంది. పైనుంచి చూస్తే చెట్లు నిలబడే ఉంటాయి కనుక అడవి చెక్కు చెదరలేదనే అనిపిస్తుంది. మంట మొదలైన గంటలో దాన్ని ఆర్పగలిగేది దగ్గరలో ఉన్న ఊరివాళ్లే. 1992 తరువాత ఏర్పడిన వన సంరక్షణ సమితులు బలంగా ఉన్న చోట్ల ఈ పని జరిగింది. మనుషులను పూర్తిగా వెళ్లగొట్టి కంచె వేసే సంరక్షణలో ఆ కాపలా పోతుంది.

ప్రశ్న: జనగామ వైపు మా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నది. చుట్టూ చెట్లు పెంచితే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్ల నుంచి నీటిలోకి దిగుతున్నది, చెట్లు దాన్ని ఆపలేవు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిదని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని ప్రమాణం. చెట్లు, కందకాలు, ఊటకుంటల వల్ల వాన నీరు ఇంకితే పై పొరల బావుల్లో సాంద్రత కొంత పలచబడవచ్చు. లోతైన బోరుకు మాత్రం ఆ మేలు అందదు. తాగడానికి వేరే నీరే చూసుకోండి.

ప్రశ్న: 2023 జూలై వరదల్లో ములుగు జిల్లా చుట్టూ అంత అడవి ఉన్నా వాగులన్నీ బురదతో పారాయి. మరి అడవి చేసినదేమిటి?

జవాబు: ఆ నెల 27 ఉదయానికి లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతటి వానకు అడవి నేల కూడా మొదటి కొన్ని గంటల్లోనే నిండిపోతుంది. ఆ తరువాత పడిన ప్రతి చినుకూ పైనే పారుతుంది. అప్పుడు మట్టి ఎక్కువగా వచ్చేది వాగు ఒడ్లు విరిగిపడటం వల్ల, అడవిలోని మట్టి రోడ్లు కాలువలుగా మారడం వల్ల. అడవి ఫలితం మామూలు వానల్లోనే చూడాలి, ఏడాదిలో పడేవి ఎక్కువగా అవే. 2024 ఆగస్టు చివర తాడ్వాయి, మేడారం అడవుల్లో పెనుగాలికి వేలాది చెట్లు కూలినప్పుడు కూడా ఇలాంటి ప్రశ్నే వచ్చింది. కూలిన చెట్టు వల్ల జరిగే నష్టం కన్నా, ఆ దుంగలను లాగడానికి తిరిగే ట్రాక్టర్ల చక్రాల వల్ల జరిగే నష్టమే వాగుకు ఎక్కువ. వాలుకు అడ్డంగా పడిన దుంగ చాలాకాలం మట్టిని ఆపుతుంది.

ప్రశ్న: మేము వరంగల్ నగరంలో కాకతీయ కాలువ ద్వారా వచ్చే గోదావరి నీరు తాగుతాము. మాకు ఈ అడవులతో సంబంధం ఏమిటి?

జవాబు: పాకాల అడవులతో సూటి సంబంధం లేదు. పాకాల చెరువు మున్నేరు వైపు, అంటే కృష్ణా పరీవాహకంలో ఉన్నది. గణపతిదేవుని కాలంలో కట్టిన ఆ చెరువు చుట్టూ అడవి నిలిచి ఉండటం వల్లనే ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా అది పనిచేస్తున్నదని చెప్పవచ్చు. మీ నీటి కథ శ్రీరాంసాగర్ ఎగువన మొదలవుతుంది. 112 టీఎంసీల నిల్వకు కట్టిన ఆ జలాశయం, పూడిక చేరడం వల్ల 1990ల సర్వే నాటికే సుమారు 90 టీఎంసీలకు పడిపోయింది. ఎగువన కోసుకుపోయిన మట్టి అది. నిల్వ తగ్గడమే కాక, నీటిశుద్ధి కేంద్రంలో పటిక ఎక్కువ వేయవలసి రావడమూ దాని పర్యవసానమే. తాగునీటిలో మసక 1 ఎన్‌టీయూ (మసకను కొలిచే ప్రమాణం) దాటకూడదు, గత్యంతరం లేకపోతే 5.

న్యూయార్క్ నగరం 1997లో కుదిరిన ఒప్పందం ప్రకారం క్యాట్‌స్కిల్ కొండల పరీవాహక ప్రాంతంలో భూములు కొని, అక్కడి రైతులకు ఒడ్డు పట్టీలు పెంచడానికి, మరుగుదొడ్ల తొట్లు బాగుచేయడానికి డబ్బు ఇచ్చి, వందల కోట్ల డాలర్ల వడపోత కేంద్రం కట్టే అవసరాన్ని తప్పించుకున్నది. నగర నీటిలో ఎక్కువ భాగాన్ని ఇప్పటికీ వడపోయకుండా, క్రిమిసంహారం మాత్రం చేసి ఇస్తున్నారు. అంత జనసాంద్రత ఉన్న గోదావరి పరీవాహకంలో వడపోత కేంద్రాన్ని మానుకోవడం సాధ్యం కాదు. పటిక ఖర్చు, పూడిక తగ్గించుకోవడం సాధ్యమే. అయితే దానికి మరో రాష్ట్రంలోని రైతులతో కూడా మాట్లాడవలసి ఉంటుంది.

ప్రశ్న: చెరువు పూడికమట్టి పొలానికి తోలుకుంటే మంచిదేనా?

జవాబు: మంచిదే. చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకంలో రైతులు తోలుకున్నది చాలావరకు తమ పై పొలాల నుంచి కొట్టుకొచ్చిన మట్టినే, అందులోని భాస్వరం తిరిగి పైరుకు చేరుతుంది. అడుగున గరుసు కనిపించే దాకా మాత్రం తవ్వకండి, నీరు ఇంకిపోతుంది. తోలే పని మొదలుపెట్టే ముందు వేసవిలో ఒకసారి ఒర్రె వెంట పైకి నడిచి, నీరు కోసిన గండ్లలో రాళ్లు పేర్చి రండి. లేకపోతే మూడో ఏటికి అదే మట్టిని మళ్లీ తోలవలసి వస్తుంది, ట్రాక్టరు కిరాయి మీదే.